రెండు గుటకలు తగ్గిన సీసా

మా ఇంట్లో ఎవరు ఏ పార్టీకి ఓటేస్తారో ఒకరికొకరం చెప్పుకోం. కూల్ డ్రింకుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి జెండా వాళ్లు బాహాటంగా ఎగరేస్తాం. మా ఆయన విజయేందర్‌ది థమ్సప్. పక్కన అది లేకపోతే బిర్యానీని బిర్యానీగా లెక్కపెట్టడు. పెళ్లి విందులో ఇంకేదైనా పోస్తే గ్లాసెత్తి వెలుతురులో చూసి, "ఇది షర్బత్" అని తేల్చి కింద పెట్టేస్తాడు. ఆయన అక్క కల్పలతది పెప్సి. కాలేజీ రోజుల్లో కుదిరిన స్నేహమట, ఈ జన్మకు విడిచేది లేదట. ఆమె నోట లోకంలోని కూల్ డ్రింకులన్నీ పెప్సీలే. "పిల్లలకు పెప్సి ఇప్పించిన" అంటుంది, ఆ పిల్లలేమో నారింజ రంగుది తాగి మాకు నాలుకలు చాపి చూపిస్తుంటారు. నాది కోక్. పద్మారావు నగర్‌లో మా పుట్టింటికి చుట్టాలొస్తే వచ్చేది అదే. ఆ ఇద్దరితో పోలిస్తే ఈ విషయంలో నాకు పట్టుదల తక్కువని నేను అనుకుంటాను. మా ఆయన అలా అనుకోడు.

అత్తమ్మ లచ్చమ్మకు ఇవన్నీ ఒక్కటే. డ్రింకు. నల్లదైనా తెల్లదైనా, గ్లాసులో పోసినా సీసాలో ఉన్నా, డ్రింకే. అది వచ్చినవాళ్లకు ఇచ్చేదే తప్ప ఇంట్లోవాళ్లు తాగేది కాదని ఆమె లెక్క. ఫ్రిజ్‌లో ఏ సీసా కనబడినా వెనక్కి నెట్టి, ముందు పెరుగు గిన్నె అడ్డం పెడుతుంది. రేపెవరైనా వస్తే ఉంటుందని.

మామయ్య పద్ధతి వేరే. ఆయన పేరు బ్రహ్మచారి. పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఉన్న మనిషికి ఆ పేరేమిటని మా పెళ్లిలో మావాళ్లు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వితే, ఆయన చెయ్యి అడ్డం లేకుండానే నవ్వాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కార్పెంటర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర కూల్ డ్రింకులకు పేర్లు లేవు, రంగులే. నల్లది, తెల్లది, నారింజది. ఎండాకాలం మధ్యాహ్నం గడప దగ్గర కుర్చీ వేసుకుని, జేబులోంచి నోటు తీసి, "నల్లది ఒకటి తేపో బిడ్డా" అనేవాడు.

నల్లది అంటే ఏ నల్లది? ఆయన చెప్పేవాడు కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు. ఎందుకడుగుతాం, మాకు తెలుసు కదా! కొడుకు వెళ్తే థమ్సప్ వచ్చేది, కూతురు వెళ్తే పెప్సి, నేను వెళ్తే కోక్. ఏది వచ్చినా ఆయన తల వెనక్కి వంచి, సీసా పెదవికి తగలకుండా పైనుంచి గొంతులో పోసుకుని, కళ్లు మూసుకుని "ఆహా!" అనేవాడు. ఆ ఆహా విని, మామయ్యకు మనదే ఇష్టమని ముగ్గురం ఎవరికి వాళ్లం గట్టిగా నమ్మాం. మిగతా ఇద్దరికీ ఆయన చెప్పిన ఆహాలు కూడా మా చెవిన పడేవి. అవి మర్యాదకు చెప్పినవని కొట్టిపారేసేవాళ్లం.

మామయ్య పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయిపోయింది కాబట్టి ఈ పెత్తరమాస నుంచి ఆయన కూడా మా పెద్దల్లో ఒకడు. పెత్తరమాసంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. ఆ రోజు పోయినవాళ్లకు ఏవేవి ఇష్టమో అవన్నీ చేసి, ఫోటో ముందు విస్తరి పరిచి పెట్టి, ఆ తర్వాత విస్తరిని డాబా మీదికి తీసుకెళ్లి కాకులకు వదులుతాం. వండినవే కాదు. బీడీ తాగినాయనకు బీడీ, కల్లు తాగినామెకు కల్లు. పోయినవాళ్ల ఆరోగ్యం గురించి ఆ రోజు ఎవరూ బెంగపెట్టుకోరు. ఇష్టమైనది పెట్టకపోతే మాత్రం పెద్దలు అలిగి, ఆకలితో తిరిగిపోతారని అత్తమ్మ నమ్మకం.

ఆమెకు ఇంకొక పట్టింపు ఉంది. ఎంగిలి. పెద్దలకు పెట్టేది వాళ్లకంటే ముందు ఎవరి నోటికీ తగలకూడదు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని చూడనివ్వదు, వాసన చూసి చెప్పమంటుంది. నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడు, మామయ్య తల్లిదండ్రుల పేరు మీద వండుతుంటే, గారె కాలిందో లేదోనని చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను. వాయి మొత్తం పక్కన పెట్టించి, మళ్లీ మినప్పప్పు నానబోయించింది. ఆ ఏడు పెద్దలూ మేమూ అన్నం తినేసరికి సాయంత్రమైంది. అప్పటినుంచి పెత్తరమాస వస్తే నేను నోరు బిగించుకునే వంట చేస్తాను.

ఈసారి పొద్దున్నే, పొయ్యి మీదికి పప్పు ఎక్కకముందే, అత్తమ్మ చాయ్ కాచి మొదటి కప్పు మామయ్య ఫోటో ముందు పెట్టింది. రోజూ చేసే పనే కాబట్టి ఎవరం దాన్ని పట్టించుకోలేదు. తర్వాత గుమ్మడికాయ కూర, పప్పు, గారెలు, మటన్, సేమ్యా పాయసం, అన్నీ వరసగా అయ్యాయి. కల్పలత వదిన ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని దిగింది. చేతిలో సంచి, సంచిలో సాయంత్రం బతుకమ్మకు గునుగు పూలు, పూల మధ్యలోంచి తొంగిచూస్తూ పెప్సి.

"గిదేందక్కా?" అన్నాడు మా ఆయన.

"నాయినకు" అంటూ వదిన దాన్ని గ్యాస్ గట్టు మీద పెట్టింది.

"నాయినకు పెప్సా? గట్టు మీద థమ్సప్ తెచ్చిపెట్టిన గద! నాయిన ఎన్నడు తాగిండు పెప్సి?"

"ఎన్నడు తాగలే? నా పెండ్లి కాకముందు దుకాణంకెల్లి ఎవలు తెచ్చి ఇచ్చెటోళ్లు? నేను గాదా?"

"తెస్తే తాగిండు. బిడ్డ మనసు నొచ్చద్దని తాగిండు."

"నువ్వు తెస్తే ప్రేమతోని తాగిండా?"

నేను ఊరుకుంటే అయిపోయేది. ఊరుకోలేదు. "మామయ్య కోక్ తాగినప్పుడు మీరిద్దరు ఒక్కసారన్న చూసిన్రా? కండ్లు మూసుకొని ఆహా అని..." అన్నాను.

"నడుమ నీది సుత కలిపినవా! జెర ఆగు సుకన్యా" అన్నాడు మా ఆయన.

జెర ఆగు అన్న మాట నాకు పెళ్లయినప్పటినుంచి పడదు. వెళ్లి, ఫ్రిజ్‌లో నేను దాచిన కోక్ తెచ్చి గ్యాస్ గట్టు మీద మిగతా రెండింటి పక్కన టక్కున పెట్టాను. మూడు నల్ల సీసాలు వరసగా నిలబడ్డాయి. పిల్లలు వచ్చి చూసి, మాకు ఏదైనా ఫర్వాలేదన్నారు. ఆ ఇంట్లో ఆ పూట తెలివిగా మాట్లాడింది వాళ్లే.

గొడవకు అత్తమ్మ లోపలి గది నుంచి వచ్చింది. సీసాలను చూసి, మమ్మల్ని చూసి, "గిండ్ల ఆయనకు ఇష్టమైంది ఏది?" అంది. ముగ్గురం ఒకేసారి మూడు చెప్పాం.

ఆమె సీసాల దగ్గరికి వెళ్లి థమ్సప్‌ను వేలితో కొంచెం వెనక్కి జరిపింది. "గిదైతే కాదు. గిది ఆయనకు సయించకపోతుండె. గదొక్కటి నాకు ఎరుకే. మిగతా రెండిండ్ల ఏదో చెప్పురి."

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. సొంత తల్లి ఓటు అవతలి పార్టీకి పడ్డట్టయింది. "నీకెట్ల ఎరుకమ్మా?" అంటే, "ఎరుకంటే ఎరుకే" అని ఊరుకుంది. వదిన పెప్సి అంది. నేను కోక్ అన్నాను. మా ఆయన థమ్సప్ విడవలేదు. చివరికి నాకే సిగ్గనిపించి, "మూడు పెడ్దాం అత్తమ్మా, ఏది ఇష్టమైతే అది తాగుతడు" అన్నాను.

"మూడు పెడ్తమా?" అత్తమ్మ అక్కడే పీట మీద కూర్చుండిపోయింది. "మూడు పెడ్తే ఆయనకేం తెలుస్తది? మనకు తెల్వదని తెలుస్తది. నా పెండ్లానికి, నా పిల్లలకు నాకేది ఇష్టమో ఎరుక లేదని తెలుస్తది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన కాలు నొస్తున్నదని చెప్పకముందే నూనె కాచి పెట్టేదాన్ని. ఏ చొక్కా అడుగుతడో అది ఇస్త్రీ చేసి పెట్టేదాన్ని. గింతదానికి ముగ్గురు మూడు చెప్తున్నరు, నాకు ఒక్కటి సుత చెప్పస్తలేదు. నా ఎదురంగ కూసొని ఎన్నడన్న తాగితే గద తెలిసేది! మీతోని తాగిండు, దోస్తులతోని తాగిండు. నాతోని ఒక్కనాడు తాగలే."

అప్పటిదాకా అది మాకు ఆట. ఆమెకు కాదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని తాను సరిగ్గా ఎరగనేమోనన్న భయం ఆమె ముఖంలో కనిపించింది. మూత తీస్తే గ్యాసు పోయి చప్పబడే డ్రింకు కోసం మనిషి ఇంత బాధపడుతుందా అని ఎవరైనా అడిగితే, పడుతుందనే చెబుతాను. తెలిసేదాకా దీపం వెలిగించేది లేదని అత్తమ్మ తేల్చేసింది. దీపం వెలగనిదే విస్తరి లేదు, విస్తరి లేనిదే మాకు అన్నం లేదు. పిల్లలు గారెల గిన్నె చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

"జీవరాజు అంకుల్‌ను అడుగుదాం" అన్నాడు మా ఆయన.

జీవరాజు అంకుల్ మామయ్యతో కలిసి వర్క్‌షాపులో పనిచేశాడు. గుడివాడ వైపు మనిషి. తండ్రి కాలంలోనే వచ్చి లాలాగూడలో స్థిరపడ్డా, మాటలో ఆ యాస పోలేదు. ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే స్కూటర్ మీద బన్సీలాల్‌పేట్ వచ్చి మామయ్యను ఎక్కించుకునేవాడు. ఇద్దరూ ఇరానీ హోటల్లో గంటో రెండు గంటలో కూర్చుని, మళ్లీ మా గేటు దగ్గరికి వచ్చేవారు. పెత్తరమాసకూ ఏటా వస్తాడు. పూజ జరిగేటప్పుడు లోపలికి రాడు, ముందు గదిలోనే కూర్చుంటాడు. అది ఆయన విశ్వాసం, దాన్ని మామయ్య ఏనాడూ కదిలించలేదు. పూజ అయ్యాక వడ్డిస్తే మాత్రం గారెల దగ్గర మొహమాటపడడు.

ఫోన్ చేస్తే దారిలోనే ఉన్నాడు. వచ్చి సోఫాలో కూర్చునేసరికి ఆయన ముందు టీపాయ్ మీద మూడు సీసాలూ నిలబెట్టాం. అత్తమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఇదా గొడవ? వెంటనే రమ్మంటే ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని హడలిపోయి వచ్చాను" అన్నాడు అంకుల్.

"నవ్వకున్రి అంకుల్, అమ్మ దీపం వెలిగిస్తలేదు. నాయినకు గిండ్ల ఏది ఇష్టం? మీరు చెప్పిందే ఫైనల్" అన్నాడు మా ఆయన. అంటూనే థమ్సప్‌ను ఆయన చేతికి కాస్త దగ్గరగా జరిపాడు.

"చెబుతాగానీ, ముందు నేనడిగినదానికి చెప్పు. నువ్వు తెచ్చిచ్చినప్పుడు చారి ఎంత తాగేవాడు?"

"ఎంత అంటే... తాగెటోడు."

"అదే, ఎన్ని గుటకలు?"

మా ఆయన ఫ్యాన్ వైపు చూశాడు. "రెండు."

"మిగతాది?"

"కడుపు నిండిందిరా, ఇగ నాతోని కాదు, పారబొయ్యాల్నా, అనెటోడు. పారబోస్తే మంచిగుండదని నేనే..."

వదిన పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ సగంలో ఆగిపోయింది. "నాతోని సుత గదే మాట అన్నడు" అంది మెల్లగా. ఇద్దరూ నావైపు తిరిగారు. నాకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చింది గానీ, గుమ్మంలో అత్తమ్మ అడ్డంగా ఉంది.

"మా చారికి ఈ డ్రింకుల్లో ఏదీ పడదర్రా" అన్నాడు అంకుల్. "ముక్కులోకి గ్యాసు కొడుతుందని గోలపెట్టేవాడు. మీరు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు అడిగితే ఇప్పించలేకపోయాడంట. చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేళకు మీరు పెద్దోళ్లయిపోయారు. ఇప్పిస్తానంటే ఇప్పుడెందుకు నాయినా అంటారంట. కోడలమ్మ కొత్త, నోరు తెరిచి అడగదు. అందుకని తనకే తాగాలనుందని పంపేవాడు."

"మరి ఏదో ఒక పేరు చెప్పచ్చు గద అంకుల్! ఎప్పుడు చూసినా నల్లది నల్లది అనెటోడు" అంది వదిన.

"నేనూ అదే అడిగానమ్మా. పేరు చెబితే నాకోసం తెస్తారు జీవా, నల్లది అంటే వాళ్లకిష్టమైంది తెచ్చుకుంటారు, అన్నాడు."

మా ఆయన థమ్సప్ సీసా మీది నుంచి చెయ్యి తీసేశాడు. అంత ఎత్తు మనిషీ తలొంచుకుని గోళ్లు చూసుకుంటుంటే నాకు ముద్దొచ్చాడు. వదిన కళ్లద్దాలు తీసి చున్నీతో తుడుచుకుంది. నాకు ఆ ఆహాలన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి. ముక్కులోకి కొడుతున్న గ్యాసును ఓర్చుకుంటూ ఆ మహానుభావుడు ఎంత బాగా నటించాడు!

"గట్లయితే ఆయనకు ఇష్టమైంది ఏంది మరి?" అత్తమ్మ గుమ్మంలోంచే అడిగింది.

"చాయ్ వదినా. చాయ్ తప్ప ఇంకేమీ లేదు."

అత్తమ్మ వెనక్కి తిరిగి, లోపలి గదిలో ఫోటో ముందున్న కప్పును చూసింది. పొద్దున కాచిన మొదటి చాయ్, మీగడ కట్టి అక్కడే ఉంది. ఆమె భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి. "పొద్దుగాల్నే పెట్టిన గద!" అంది. ఆ మాటలో ఎంత గర్వముందంటే, మా ముగ్గురి సీసాలూ ఆ కప్పు ముందు చిన్నబోయాయి. "అందరికంటె ముందుగాల పెట్టిన. ఎవలూ చెప్పకముందే పెట్టిన."

అంతటితో అయిపోయిందనుకున్నాం. వదిన గారెల గిన్నె మూత తీయడానికి లేచింది కూడా. కానీ అత్తమ్మకు ఒకసారి మనసు తేలికైతే పాత లెక్కలన్నీ బయటికొస్తాయి. నేరుగా జీవరాజు అంకుల్ మీదికే తిరిగింది.

"పిల్లలకు మిగిల్చి ఇచ్చిండంటే వాళ్ల మీద ప్రేమ అన్నా, బాగనే ఉన్నది. మరి నా మాటేంది? ఆదివారం ఆదివారం మీరిద్దరు హోటల్ల కూసొని డ్రింకులు తాగుడు, మిగిలింది ఇంటికి తెచ్చి నా నెత్తిన వెట్టుడు! 'కడుపు నిండింది లచ్చమ్మా, ఎంగిలైంది, ఎవలకు ఇయ్యరాదు, పారబొయ్యాల్నా' అని నిలవడెటోడు. పైసలు పెట్టి కొన్నది మోరీల పోస్తమా? దండగ గావద్దని వంటింట్ల నిలవడి నేనే తాగేదాన్ని. గా బొటనవేలి బొమ్మదే, ఎప్పుడు చూసినా గదే. ప్రతివారం మిగులుతుండె అంటే ఆయనకు అది సయించదనే గద?"

థమ్సప్ ఎందుకు కాదందో అప్పుడు తెలిసింది మాకు.

జీవరాజు అంకుల్ ఆమెవైపు తిరిగి కూర్చున్నాడు. "హోటల్లో మేం ఏనాడూ డ్రింకు తాగలేదు వదినా. చాయే తాగేవాళ్లం" అన్నాడు.

"మరి ఆ సీస?"

"తిరిగొచ్చేటప్పుడు మీ మలుపు దగ్గర స్కూటర్ ఆపించి కొనేవాడు. చిన్న సీసా. మీ గేటు బయట నిలబడి మూత తీసి రెండు గుటకలు తాగేవాడు. ఎక్కడైనా సరే ఏది తాగినా పైనుంచి పోసుకునే మనిషి, ఆ సీసాకు మాత్రం మూతి పెట్టి తాగేవాడు. తాగి మొహం ఇట్టా చిట్లించి, మూత బిగించి, లోపలికి వచ్చేవాడు. నేనొకసారి కోప్పడ్డాను. పడని మనిషివి ఎందుకయ్యా నీకీ బాధ, వదినకు కావాలంటే సీసా అలాగే చేతికివ్వచ్చు కదా అని."

"ఏమన్నడు?"

"కొత్త సీసా ఇస్తే లచ్చమ్మ తాగదు జీవా, అన్నాడు. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దాస్తుంది, ఎవరొస్తే వాళ్లకు పోసిస్తుంది. ఎంగిలి చేసి ఇస్తే ఇంకెవరికీ ఇవ్వడానికి ఉండదు, అప్పుడు తనే తాగాలి, అన్నాడు."

అంకుల్ టీపాయ్ మీది థమ్సప్‌ను వేలితో చూపించాడు.

"మొదట్లో మిగతావీ తెచ్చి చూశాడంట. సగం తాగి పక్కన పెట్టారంట మీరు. ఇది తెచ్చిన రోజు సీసా ఖాళీ. ఇంక అదే పట్టుకున్నాడు."

"గంత నాటకమా!" అత్తమ్మ గుమ్మాన్ని వదిలి వచ్చి కుర్చీలో కూర్చుంది. నవ్వింది. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటిని దాచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. "నేను మస్తు తిడుతుంటి. తాగలేనోనివి ఎందుకు కొంటవు, పైసలు ఎక్కువైనయా అని. మెత్తగ నవ్వుకుంట లోపటికి వోతుండె."

"ఆ తిట్లు గేటు బయటికి వినిపించేవి వదినా. అవి విన్నాకే నేను స్కూటర్ స్టార్ట్ చేసేవాణ్ని."

"అమ్మా, గది నీకు ఇష్టమేనా?" అడిగింది వదిన.

అత్తమ్మ టీపాయ్ మీది సీసాకేసి చూసింది. "ముక్కులకెల్లి పొగ లేస్తది" అంది. తర్వాత, ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనన్నట్టు గొంతు తగ్గించి, "మంచిగుంటది" అంది.

ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచి, ఫలానాది తనకు ఇష్టమని ఆమె చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. థమ్సప్పా పెప్సీనా కోకా అని మేము ముగ్గురం ఎన్ని భోజనాల దగ్గర కొట్టుకున్నామో! నీకేది కావాలని ఆమెను ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆమెకూ ఒక ఇష్టం ఉంటుందని ఆ ఇంట్లో కనిపెట్టింది మామయ్య ఒక్కడే. నాకు ఆయన మీద ప్రేమ పొంగింది, మా మీద కోపం వచ్చింది.

"చూసిన్రా మరి! ఆఖరికి థమ్సప్పే గెలిచింది!" అన్నాడు మా ఆయన. వదిన అతని చెయ్యి గట్టిగా గిచ్చింది.

"గెలిచింది అమ్మ. నువ్వు నోరు మూస్కో."

అత్తమ్మ లేచింది. ముఖం కడుక్కుని వచ్చి, దీపం వెలిగించింది, అగరొత్తులు ముట్టించింది. జీవరాజు అంకుల్ ఎప్పటిలాగే ముందు గదిలో ఉండిపోయాడు. మేమందరం ఫోటో ముందు నిలబడ్డాం. విస్తరి నిండా అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర, మటన్, పాయసం, ఎవరూ తుంచని గారెలు. చల్లారిన చాయ్ తీసేసి, వేడిగా ఇంకో కప్పు కాచి పెట్టింది. ఫోటోలో మామయ్య ఏమీ ఎరగనట్టే చూస్తున్నాడు.

"గా సీస ఇటియ్యి" అంది అత్తమ్మ.

మా ఆయన థమ్సప్‌తో పాటు, కడిగి తుడిచిన స్టీలు గ్లాసు కూడా తెచ్చాడు. ఆమె గ్లాసు తీసుకోలేదు. సీసా మూత తిప్పింది. బుస్సుమంది. పోయడానికి వంగుతుందని చూస్తుంటే, ఆమె నిటారుగా నిలబడి, సీసా ఎత్తి, మూతి పెట్టి తాగింది. ఒక గుటక. ఇంకో గుటక.

"అమ్మా! ఎంగిలి!" వదిన కెవ్వుమంది. చిన్న గారె ముక్క కోసం ఒకప్పుడు మళ్లీ మినప్పప్పు రుబ్బిన నా చేతులు వాటంతటవే నడుం మీదికి పోయాయి.

అత్తమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. ముక్కు చిట్లించి, కళ్లు తుడుచుకుని, మూత గట్టిగా బిగించింది. సీసాను తెచ్చి విస్తరి పక్కన, చాయ్ కప్పుకు ఆనించి నిలబెట్టింది. ఫోటోకేసి చూసి, ఎప్పుడూ ఆయన్ను తిట్టే గొంతుతోనే అంది.

"కడుపు నిండింది. ఇగ నాతోని కాదు. పారబొయ్యాల్నా?"